మూడో వంతు, మూడు వంతులు: భిన్నాల్లో ఏది పెద్దదో పిల్లలకు ఎలా తెలుస్తుంది?

‘ఇల్లు మూడో వంతు పూర్తయింది’ అని మేస్త్రీ చెప్పాడనుకుందాం. అలా కాకుండా ‘ఇల్లు మూడు వంతులు పూర్తయింది’ అన్నాడనుకుందాం. ఏ మాట వింటే కట్టించుకునేవారికి ఊరట? తెలుగు వింటూ పెరిగినవారు ఇక్కడ తడుముకోరు. మొదటిది మూడు భాగాల్లో ఒకటి. రెండోది నాలుగు భాగాల్లో మూడు, అంటే ముప్పాతిక. పలకడంలో తేడా చాలా కొంచెం, పనిలో తేడా రెట్టింపు కన్నా ఎక్కువ. ‘పావలా కోడికి ముప్పావలా మసాలా’ అనే సామెత అర్థం కావాలన్నా 1/4, 3/4లను మనసులో పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. లెక్కల పుస్తకం తెరవని వారు కూడా ఆ పని తేలిగ్గా చేసేస్తారు.

అదే పోలికను అంకెల్లో రాసి ఐదో తరగతిలో అడగండి. 3/5, 3/8 రెండూ నల్లబల్ల మీద పెట్టి ‘ఏది పెద్దది?’ అన్నప్పుడు నాకు ఎక్కువగా వినబడే జవాబు 3/8. ఎందుకు అంటే ‘ఎనిమిది పెద్దది కదా టీచర్’ అంటారు. ఈ జవాబు చెప్పిన పిల్లలను అజాగ్రత్తపరులని కసురుకోవడం అన్యాయం. ఒకటో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా మనం నేర్పింది వాళ్లు నమ్మకంగా అప్పజెబుతున్నారు. ఐదు కన్నా ఎనిమిది పెద్దదని ఇన్నేళ్లూ చెప్పి, ఇప్పుడు గీత కింద ఎనిమిది ఉంటే విలువ చిన్నదవుతుందంటే, తమకు తెలిసిన ప్రపంచం కాస్త కదిలినట్టే ఉంటుంది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, కాగితం మీద భిన్నం రెండు సంఖ్యలుగా కనిపిస్తుంది. విలువలో మాత్రం అది ఒక్కటే సంఖ్య. ఈ ఒక్క సంగతి మనసుకు ఎక్కకపోతే ఎన్ని పద్ధతులు నేర్పినా గాలిలో దీపమే. 1978లో అమెరికాలో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. 12/13, 7/8 కలిపితే సుమారుగా ఎంత వస్తుంది? కచ్చితంగా లెక్కగట్టక్కర్లేదు, 1, 2, 19, 21లలో దగ్గరి జవాబు ఎంచుకుంటే చాలు. రెండూ దాదాపు ఒకటికి ఒకటి, కాబట్టి జవాబు 2. సరిగ్గా చెప్పినవారు 24 శాతం మాత్రమే. సగానికి మించి పిల్లలు 19నో 21నో ఎంచుకున్నారు. పైవి కలిపితే 19, కిందివి కలిపితే 21. 12/13 అనేది ఒకటికి ఒక్క అడుగు తక్కువలో ఉన్న ఒక పరిమాణమని వాళ్లకు కనబడలేదు. అక్కడ వాళ్లకు పన్నెండు కనబడింది, పదమూడు కనబడింది.

ఇక్కడ మన భాష చేతికి ఒక మంచి సాధనం ఇస్తోంది, మనమే దాన్ని తరగతి గది బయట వదిలేస్తున్నాం. 3/4ను మనం ‘మూడు బై నాలుగు’ అని చదివిస్తాం. ఆ పలుకులో రెండు సంఖ్యలు, మధ్యలో ఒక ‘బై’ ఉన్నాయి. ఎంత అన్నది మాత్రం వినబడదు. అదే భిన్నాన్ని ‘నాలుగింట మూడు వంతులు’ అనండి. ముందు మొత్తాన్ని నాలుగు చేసుకున్నాం, అందులో మూడు తీసుకున్నాం. హారం (కింది సంఖ్య) ఏం చేస్తుందో, లవం (పై సంఖ్య) ఏం చేస్తుందో పేరులోనే ఉంది.

కొరియా భాషలోనూ భిన్నాల పేర్లు ఈ వరుసలోనే ఉంటాయి, ముందు మొత్తం భాగాలు, తరువాత తీసుకున్నవి. బడిలో భిన్నాల పాఠం ఇంకా మొదలుకాని చిన్న పిల్లలను కొరియా, క్రొయేషియా, అమెరికాలలో పోల్చి చూసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, భిన్నానికి సరైన బొమ్మను గుర్తించడంలో కొరియా పిల్లలు ముందున్నారు. అది భాష మహిమేనా అని తరువాత వేరే పరిశోధకులు అనుమానించి, అమెరికా పిల్లలకే పేర్లను ఆ తీరులో మార్చి చెప్పి చూశారు. 2003లో వెలువడిన ఆ ఫలితాల్లో వాళ్లూ మెరుగ్గా చేశారు. అంటే ఆ మేలు కొరియాలో పుట్టినవాళ్లకే దక్కేది కాదు, పేరు విడమరిచి పలికితే ఎవరికైనా దక్కుతుంది. మన పిల్లలకు ‘ఐదింట మూడు వంతులు’, ‘ఎనిమిదింట మూడు వంతులు’ అని కనీసం మొదటి నెల రోజులైనా పలికించండి. ఎనిమిది చేసిన చోట ఒక్కో వంతు చిన్నదవుతుందని సగం మంది చదువుతూనే పట్టుకుంటారు. మాధ్యమం ఇంగ్లీషు అయినా సరే, ఈ వాక్యాన్ని తెలుగులో చెప్పడానికి అడ్డేమీ లేదు.

వంతు ఎంత, వంతులెన్ని

హారం ఒకటే అయితే పోలిక సులువు. వాటిని సజాతి భిన్నాలంటారు. బంగారం కొట్టులో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. క్యారెట్లంటే ఇరవై నాలుగింట ఎన్ని వంతులు మేలిమి అన్న లెక్క. 22 క్యారెట్లంటే 22/24, 18 క్యారెట్లంటే 18/24. నగ మీద 916 అని ముద్ర ఉంటే అదే 22/24ను వెయ్యిలో లెక్కగట్టి వేసిన సంఖ్య, 750 అని ఉంటే 18/24. వంతు పరిమాణం ఒకటే కాబట్టి వంతులు లెక్కపెడితే చాలు. ఇక్కడ పిల్లలు తప్పు చేయరు. వాళ్ల పాత అలవాటే ఇక్కడ సరిపోతుంది, అందుకే ఈ మెట్టు మీద ఎక్కువ రోజులు గడపకూడదని నా అభిప్రాయం.

ఎక్కువ రోజులు ఉండాల్సింది లవం ఒకటే ఉన్న చోట. ఒక బొబ్బట్టును ఐదుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చే ముక్క పెద్దదా, ఎనిమిదిమంది పంచుకుంటే వచ్చేదా? ఆకలితో ఉన్న పిల్లలకు దీని జవాబు వివరించక్కర్లేదు. అక్కడి నుంచి 1/5, 1/8కి, ఆ తరువాత పెద్ద ముక్కలు మూడు, చిన్న ముక్కలు మూడు అని 3/5, 3/8కి రావాలి. ఈ మలుపులో తొందరపడితే వెంటనే మరో తప్పు పుడుతుంది. ‘కింద చిన్న సంఖ్య ఉంటే భిన్నం పెద్దది’ అని పిల్లలు సూత్రం కట్టేసుకుంటారు. ఆ సూత్రంతో 1/3ను 4/5 కన్నా పెద్దదంటారు. అందుకే 1/3, 1/5 పాఠం ముగించే రోజునే 1/3, 4/5 కూడా అడిగి తీరాలి. వంతు చిన్నదే, కానీ వంతులెన్ని? ఈ రెండు ప్రశ్నలూ ఎప్పుడూ జంటగా నడవాలి.

బొమ్మలు గీయించేటప్పుడు ఒక జాగ్రత్త. పిల్లలు గుండ్రాలు గీస్తారు. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా వస్తుంది, మూడు భాగాలు ఎప్పుడూ సమానంగా రావు. ఆ బొమ్మ చూసి తేల్చిన జవాబుకు విలువ లేదు. చిన్న బొబ్బట్టులో సగం కన్నా పెద్ద బొబ్బట్టులో పావు ఎక్కువ కావచ్చు. కాబట్టి పోల్చే రెండు భిన్నాలూ ఒకే మొత్తానికి చెందినవై ఉండాలన్న షరతు పిల్లల నోటే రావాలి. గుండ్రాల కన్నా సమానమైన పొడవున్న కాగితపు పట్టీలు నయం. సగం, పావు, ఎనిమిదో వంతు మడిస్తే వస్తాయి. మూడు, ఐదు భాగాలు మడతకు లొంగవు. దానికి గీతల నోటుపుస్తకమే ఉపాయం. పట్టీని పేజీ మీద ఏటవాలుగా పెట్టాలి. పట్టీ అంచు మొదలు ఒక గీతను తాకాలి, చివర అక్కడి నుంచి తొమ్మిదో గీతను తాకాలి. ప్రతి మూడో గీత ఆ అంచును దాటే చోట గుర్తు పెడితే మూడు సమాన భాగాలు. చివరను పదో గీతకు తెచ్చి రెండేసి గీతలకో గుర్తు పెడితే ఐదు భాగాలు. స్కేలుతో కొలిచి, భాగించి, గుర్తులు పెట్టే శ్రమ లేదు, భాగాలు చక్కగా సమానంగా వస్తాయి.

జవాబు ఒప్పు, ఆలోచన తప్పు

భిన్నాల పోలికలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది తప్పు జవాబు కాదు. 5/6, 7/8లలో ఏది పెద్దదని అడిగితే 7/8 అని చెప్పే పిల్లలు చాలామంది ఉంటారు. ఒప్పే. ఎలా తెలిసిందంటే, ‘ఐదు కన్నా ఏడు పెద్దది, ఆరు కన్నా ఎనిమిది పెద్దది’ అంటారు. ఆ కారణం చెల్లదు. మరికొందరు ‘రెండూ సమానం, రెండింటిలోనూ ఒకటే తక్కువ’ అంటారు. జవాబు తప్పే కానీ, వీళ్లు ఒకటికి ఎంత దూరంలో ఉన్నామని చూడటం మొదలుపెట్టారు. మొదటి వాళ్ల కన్నా వీళ్లే గమ్యానికి దగ్గరగా ఉన్నారు. ‘ఒకటి తక్కువ అన్నావు, ఒక ఏమిటి తక్కువ?’ అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. ఒక దాంట్లో ఆరో వంతు తక్కువ, ఇంకో దాంట్లో ఎనిమిదో వంతు తక్కువ. లోటు చిన్నదైనది పెద్ద భిన్నం.

ఈ ఆలోచన మన పిల్లలకు కొత్త కాదు. ‘పావు తక్కువ పది’ అని గడియారం చూసి చెప్పే ఇళ్లలో పెరుగుతున్నారు. పావు తక్కువ అంటే పదికి కొంచెం దూరం, ఐదు నిమిషాలు తక్కువ అంటే ఇంకా దగ్గర. దాన్నే భిన్నాలకు అన్వయించాలి.

ఏ బిడ్డ ఏ దారిలో ఆలోచిస్తోందో తెలుసుకోవడానికి నేను రెండు జతలు వాడతాను. మొదటిది 4/5, 7/9. సంఖ్యలు పెద్దవైతే భిన్నం పెద్దదని నమ్మేవారు ఇక్కడ 7/9 అని పొరబడతారు. హారం 45 చేస్తే 36, 35 వస్తాయి కాబట్టి 4/5 పెద్దది. రెండోది 3/5, 5/8. లవానికీ హారానికీ మధ్య తేడాను మాత్రమే లెక్కపెట్టేవారు, అంటే రెండు తక్కువ ఉన్నది మూడు తక్కువ ఉన్నదాని కన్నా పెద్దదనేవారు, 3/5 అంటారు. హారం 40 చేస్తే 24, 25 వస్తాయి, 5/8 పెద్దది. ఒక జతలో ఒప్పు చెప్పి ఇంకో జతలో తప్పు చెప్పిన బిడ్డ తన మనసులోని సూత్రాన్ని మనకు చూపించినట్టే. పది లెక్కల ప్రశ్నపత్రం చెప్పని సంగతి ఈ రెండు జతలు చెబుతాయి, తోడుగా ‘ఎందుకు?’ అని అడగాలి.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఆరో తరగతి పిల్లలు 323 మందిని విడివిడిగా కూర్చోబెట్టి, ఇలా ఎనిమిది జతలు చూపించి, కారణాలు చెప్పించిన పరిశోధన 2009లో వెలువడింది. బాగా చేసిన పిల్లలు ఎక్కువగా ఆధారపడినవి రెండు. భిన్నం సగానికి ఇటా అటా అని చూడటం ఒకటి, ఒకటికి ఎంత లోటు ఉందో చూడటం రెండోది. తరగతిలో ఈ రెంటినీ ప్రత్యేకంగా నేర్పే అలవాటు తక్కువ.

సగం సంగతి చూడండి. 3/7, 5/9. ఏడులో సగం మూడున్నర, మూడు దానికి తక్కువ. తొమ్మిదిలో సగం నాలుగున్నర, ఐదు దానికి ఎక్కువ. అంటే 3/7 సగానికి ఇటు, 5/9 సగానికి అటు. లెక్క అయిపోయింది. ఎక్కడా గుణకారం లేదు, కాగితం కూడా అక్కర్లేదు.

అణాల్లో ఆలోచిస్తే

సగంతోనూ లోటుతోనూ వెంటనే తేలనివి ఉంటాయి. 4/5, 7/9 అలాంటివే. అప్పుడు హారాలను ఒకటి చేయాలి. ఈ పనికి మన సంప్రదాయంలో ఉన్న పేరు నాకు చాలా ఇష్టం. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. ఆ సంప్రదాయంలో భిన్నాల లెక్కను కళాసవర్ణం అన్నారు. కళ అంటే భాగం, సవర్ణం అంటే ఒకే వన్నె కలది. వేర్వేరు రంగుల ముక్కలను ఒకే రంగుకు తెచ్చి, అప్పుడు లెక్కపెట్టడం అన్నమాట. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టేటప్పుడు మనం చేస్తున్నది అదేనని పిల్లలకు చెబితే ఆ యంత్రంలాంటి పనికి ప్రాణం వస్తుంది.

తాతయ్యలు నానమ్మలు ఇంట్లో ఉంటే వాళ్లను అణాల గురించి అడగమని పిల్లలను పంపండి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చే దాకా రూపాయికి 16 అణాలు. పావలా నాలుగణాలు, అర్ధ రూపాయి ఎనిమిది, ముప్పావలా పన్నెండు, బేడ రెండు. ‘పదహారణాల తెలుగు’ అంటే 16/16, ఏ లోటూ లేని నిండు ఒకటి. ఇప్పుడు 1/4, 3/8, 5/16లను వరుసలో పెట్టమనండి. రూపాయిలో పావు నాలుగణాలు, ఎనిమిదింట మూడు వంతులు ఆరణాలు, పదహారింట ఐదు వంతులు ఐదణాలు. నాలుగు, ఐదు, ఆరు. కాబట్టి ఆరోహణ క్రమం 1/4, 5/16, 3/8. సామాన్యుల బజారు లెక్కలో ఉమ్మడి హారం పదహారుగా అప్పటికే కూర్చుని ఉంది. వీసం అన్నా పదహారో వంతే. ‘వీసమెత్తు అనుమానం లేదు’ అనేటప్పుడు మనం తెలియకుండానే ఒక భిన్నాన్ని పలుకుతున్నాం.

అయితే అణాలు మూడో వంతుకు లొంగవు, పదహారు మూడుతో భాగించబడదు. అప్పుడు గడియారానికి రండి. గంటకు 60 నిమిషాలు. 3/4, 2/3, 7/12, 5/6, 3/5లను గంటలో చూస్తే వరుసగా 45, 40, 35, 50, 36 నిమిషాలు. చూస్తుండగానే క్రమం తేలిపోయింది: 7/12, 3/5, 2/3, 3/4, 5/6. అరవై ఎందుకు పనికొచ్చింది, నిమిషాలు వంద ఉంటే ఏమయ్యేది అని అడిగితే క.సా.గు. ఎందుకు కావాలో పిల్లలే చెబుతారు.

ఇక అడ్డగుణకారం. 3/7, 5/9 ఇస్తే 3ను 9తో, 5ను 7తో గుణించి 27, 35 వేసి, పెద్దది ఎటుంటే అటు భిన్నం పెద్దదనడం. ఈ పద్ధతి తప్పు కాదు. 27/63, 35/63 అనే సవర్ణనంలోంచి కింది 63ను చెప్పకుండా దాచేస్తే మిగిలేది అదే. కానీ ఆ దాపరికమే పిల్లలను దెబ్బతీస్తుంది. 27 అంటే ఏమిటని అడిగితే చెప్పలేరు, రెండు నెలల తరువాత ఏ లబ్ధం ఏ వైపుదో మరచిపోతారు, భిన్నాలు కూడమన్నప్పుడు కూడా అడ్డంగా గుణించేస్తారు. హారాలు ఒకటి చేయడం అలవాటై, ‘టీచర్, కింద ఎలాగూ ఒకటే కదా, ఎందుకు రాయడం?’ అని బిడ్డ తనంతట తాను అడిగిన రోజు ఈ దగ్గరి దారి చెప్పండి. అంతకు ముందు చెప్పకూడదని గట్టిగా నమ్ముతున్నాను.

తాడు మీద భిన్నాలు

రెంటిని పోల్చడం వేరు, ఏడింటిని వరుస పెట్టడం వేరు. 5/6, 3/7, 9/8, 1/2, 2/9, 7/8, 4/7. వీటి హారాల క.సా.గు. 504. ఏడు భిన్నాలనూ 504కు తెచ్చి లెక్కగట్టే బిడ్డ మీద జాలి కలుగుతుంది. తరగతి గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు ఒక తాడు కట్టండి. ఒక చివర 0 చీటీ, మధ్యలో 1, ఇంకో చివర 2. భిన్నాలు రాసిన చీటీలు, బట్టలకు పెట్టే క్లిప్పులు పిల్లల చేతికివ్వండి. కింది సంఖ్య కన్నా పై సంఖ్య పెద్దదైన అపక్రమ భిన్నం 9/8 ఒకటిని దాటి అటు వెళుతుంది. 1/2 తన చోట తాను నిలబడుతుంది. 4/7 సగానికి కొంచెం అటు, 3/7 కొంచెం ఇటు. 2/9 పావు కన్నా తక్కువ, తొమ్మిదిలో పావు రెండుంపావు కదా. ఒకటి దగ్గర 5/6, 7/8 గుమిగూడతాయి, లోటు చూసి వాటి తగవు తీర్చాలి. చివరికి 2/9, 3/7, 1/2, 4/7, 5/6, 7/8, 9/8. తరువాత 3/6 చీటీ ఇచ్చి చూడండి. దాన్ని ఎక్కడ వేలాడదీయాలని కాసేపు వాదన జరిగి, చివరికి 1/2 క్లిప్పుకే కిందగా తగిలిస్తారు. సమాన భిన్నాల పాఠం అక్కడే అయిపోతుంది.

తాడు మీద 1/2, 2/3 పక్కపక్కన ఉన్నప్పుడు ఒక పిల్లను మధ్యలో ఏదైనా పెట్టమన్నాను. ఆమె పైవి కలిపి, కిందివి కలిపి 3/5 రాసింది. కూడికలో అది తప్పని ముందు వారమే దిద్దాం. అయినా 3/5 నిజంగానే ఆ రెంటి మధ్యలోకి వచ్చి కూర్చుంది. తరగతంతా నిశ్శబ్దం. ఇది గాలివాటంగా తగిలింది కాదు. ఒక పంక్తిలో ఇద్దరికి ఒక లడ్డూ, ఇంకో పంక్తిలో ముగ్గురికి రెండు లడ్డూలు. రెండు పంక్తులనూ కలిపేస్తే ఐదుగురికి మూడు. తక్కువ వాటా వచ్చినవారికి కొంచెం పెరుగుతుంది, ఎక్కువ వచ్చినవారికి కొంచెం తగ్గుతుంది, కాబట్టి కొత్త వాటా మధ్యలోనే ఉండి తీరాలి. ఈ గుణం మీద నిలిచిన భిన్నాల వరుసలను 1802లో ఫ్రాన్సులో గణితజ్ఞుడు హారోస్, 1816లో ఇంగ్లండులో భూగర్భ శాస్త్రవేత్త జాన్ ఫేరీ ప్రకటించారు. గణితంలో వాటికి ఫేరీ పేరే నిలిచింది.

ఆ పిల్ల ఆగలేదు. 1/2, 3/5 మధ్య 4/7 పెట్టింది. 3/5, 2/3 మధ్య 5/8 పెట్టింది. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి వచ్చి 1/2, 4/7 మధ్య 5/9 తగిలించాడు. చీటీలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, క్లిప్పులు అయిపోయాయి, తాడు మీద జానెడు చోటు కూడా లేదు. వాళ్లు ఇంకా చీటీలు చింపుతూనే ఉన్నారు.